స్వరానికి అచ్చురూపం: తెలుగు సంగీత పత్రికలో ఖతి ఎంపిక – ఒక పాఠవిమర్శ

తెలుగులో సంగీత పత్రికను రూపొందించేవారు ఖతి ఎంపికను సాధారణంగా చివరి పనిగా పెట్టుకుంటారు. వ్యాసాలు చేరి, ఛాయాచిత్రాలు సమకూరి, పుటల లెక్క తేలిన తరువాత "అక్షరాలు ఏవి వేద్దాం?" అన్న ప్రశ్న డి.టి.పి. చేసేవారి బల్ల దగ్గర తలెత్తుతుంది, అక్కడే తేలిపోతుంది. శీర్షికలకు వంపులు తిరిగిన అక్షరం, వ్యాసాలకు దినపత్రికల వల్ల కంటికి అలవాటైన అక్షరం, స్వరలిపికి ఆ యంత్రంలో ఏది ఉంటే అది. ఈ నిర్ణయంతో సాహిత్య పరిశోధకునికి పనేమిటని అడగవచ్చు. వచనం వరకు ఆ ప్రశ్న న్యాయమే. ఒక వ్యాసాన్ని పోతన ఖతి నుంచి మండలి ఖతికి మారిస్తే దాని చూపు మారుతుంది, చదవడంలోని సౌకర్యం మారుతుంది, పాఠం మాత్రం మారదు. స్వరలిపిలో పరిస్థితి వేరు. అక్కడ అక్షరం తలమీది చుక్క ఒక స్థాయి. అక్షరం పక్కనున్న కామా ఒక కాలప్రమాణం. పైన గీసిన గీత ఒక వేగం. వీటిలో ఏ ఒక్కటి కనబడకపోయినా పాట మారుతుంది. కనుక సంగీత పత్రికకు ఖతిని ఎంచుకోవడం పాఠపరిష్కరణలో భాగంగా చర్చించవలసిన విషయమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

చర్చను కర్ణాటక సంగీతానికి చెందిన తెలుగు స్వరలిపికి పరిమితం చేస్తున్నాను. సినిమా సంగీతానికి ప్రాధాన్యమిచ్చే పత్రికల్లో స్వరలిపి అరుదు. వాటి అక్షరాలంకరణ సినిమా ప్రకటనల సంప్రదాయం నుంచి వచ్చింది. అది వేరుగా పరిశీలించదగినది.

శీర్షికలూ వ్యాసాలూ

సంగీత పత్రిక పుటలో మూడు రకాల పాఠాలు పక్కపక్కన నడుస్తాయి: శీర్షిక, వ్యాసం, స్వరసాహిత్యం. మొదటి రెండింటిని గురించి చెప్పవలసింది తక్కువే.

శీర్షికల విషయంలో తెలుగు పత్రికలమీద బాపు చేతిరాత ప్రభావం చాలా పెద్దది. ఆ అక్షరాలు కథల పుటల్లోంచి శుభలేఖల మీదికి, అక్కడినుంచి ఖతిగా మారి కంప్యూటర్లలోకి వచ్చాయి. శాస్త్రీయ సంగీతమనగానే "తెలుగుతనం" ఉట్టిపడాలన్న తలంపుతో ఆ రాతను ఎంచుకోవడం కనబడుతుంది. బాపు అక్షరానికి ఒక గొంతు ఉంది. అది మాట్లాడే గొంతు; కాస్త చిలిపిదనం, కాస్త చనువు ఉన్న గొంతు. ఆయన గీసిన బొమ్మ పక్కన అది ఒదిగిపోతుంది. మేళకర్త పద్ధతిపై శాస్త్రచర్చకు అదే అక్షరంలో శీర్షిక పెడితే, వ్యాసం మొదలుకాకముందే పాఠకునికి హాస్యవ్యాసమన్న సూచన అందుతుంది.

మరొక అలవాటు పేరును చూసి ఖతిని ఎంచుకోవడం. సిలికానాంధ్ర చొరవతో విడుదలై తరువాత గూగుల్ ఖతుల సంచయంలో చేరిన తెలుగు ఖతులకు ధూర్జటి, పెద్దన, తిమ్మన, సూరన, రామభద్ర, శ్రీకృష్ణదేవరాయ, తెనాలి రామకృష్ణ అని అష్టదిగ్గజాలను తలపించే పేర్లున్నాయి. గురజాడ, గిడుగు కూడా ఉన్నారు. ఇవి గౌరవసూచకంగా పెట్టిన పేర్లే తప్ప ఆయా కవుల కాలపు లిపిరూపాలకు ప్రతిబింబాలు కావు. పదహారో శతాబ్ది శాసనలిపికీ శ్రీకృష్ణదేవరాయ ఖతికీ ఏ పోలికా లేదు. అయినా "సంప్రదాయ విషయం కనుక రాయలవారి ఖతి వేశాం" అన్న మాట వినబడుతూనే ఉంటుంది! పేరు పక్కన పెట్టి చూస్తే రామభద్ర బలమైన శీర్షికాక్షరం. లక్కిరెడ్డి కుంచెరాతను పోలిన అక్షరం. మండలి వార్తాపాఠాన్ని దృష్టిలో పెట్టుకొని చేసినది. ఎంపికకు ఆధారం కావలసింది ఈ వివరం.

వ్యాసపాఠం విషయంలో ఆంగ్ల ముద్రణశాస్త్రం నుంచి తెచ్చుకున్న ఒక విభజన మనకు పెద్దగా ఉపకరించదు. లాటిన్ అక్షరానికి కొసల్లో చిన్న పాదాలుంటే ఒక తరగతి, లేకపోతే మరొక తరగతి. గుండ్రని రేఖలతో నడిచే తెలుగు అక్షరానికి ఆ పాదాలే లేవు. నోటో సెరిఫ్ తెలుగు, నోటో శాన్స్ తెలుగు అన్న రెండు ఖతుల్ని పక్కపక్కన పెడితే కనబడే అసలు భేదం రేఖ మందంలోనే ఉంది. మొదటిదానిలో రేఖ లావు సన్నాలుగా సాగుతుంది, రెండోదానిలో దాదాపు సమంగా ఉంటుంది. దీర్ఘవ్యాసాలకు మొదటి పద్ధతి కంటికి ఎక్కువ విశ్రాంతినిస్తుందని నా అభిప్రాయం. మూర్తి క్లాసికల్ లైబ్రరీ 2015లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌ల ఆంగ్లానువాదంతో పెద్దన మనుచరిత్రను ప్రచురించినప్పుడు, ఆ గ్రంథమాల తెలుగు పాఠాల కోసమే ఫియోనా రాస్, జాన్ హడ్సన్‌లు రూపొందించిన అక్షరాలను వాడింది. టిరో తెలుగు పేరుతో తరువాత అందరికీ అందుబాటులోకి వచ్చిన ఖతికి అదే మూలం. కావ్యపాఠాన్ని ఉద్దేశించి చేసిన అక్షరం కావడంవల్ల అది కృతుల సాహిత్యానికీ, ఉదాహరణలతో నిండిన వ్యాసానికీ బాగా సరిపోతుంది. ఏ ఖతి తీసుకున్నా పంక్తుల నడుమ ఎడాన్ని ఉదారంగా ఇవ్వాలి. తలకట్టు, గుడి పైకి లేచి, వత్తులు కిందికి దిగే లిపికి ఆంగ్ల పంక్తి ఎడం చాలదు.

తలకట్టుకూ చుక్కకూ నడుమ

అసలు సమస్య మూడో పాఠంలో ఉంది. తెలుగు స్వరలిపికి కావలసినవి పైకి చూస్తే ఏడే అక్షరాలు: స, రి, గ, మ, ప, ద, ని. హ్రస్వమైతే ఒక అక్షరకాలం, దీర్ఘమైతే రెండు. కామా ఒక అక్షరకాలం పొడిగింపు, సెమికోలన్ రెండు. తారస్థాయికి అక్షరం పైన చుక్క, మంద్రస్థాయికి కింద చుక్క. రెండో కాలానికి పైన ఒక గీత, మూడో కాలానికి రెండు. తాళాంగాలు నిలువుగీతలతో విడిపోతాయి. ఇంత పొదుపైన లేఖనపద్ధతి సంగీతలోకంలో అరుదు.

అయితే ఈ ఏడు అక్షరాల్లో తల ఖాళీగా ఉన్నది ఒక్కటీ లేదు. స, గ, మ, ప, ద – ఈ ఐదింటికీ తలకట్టు ఉంది. రి, ని – ఈ రెండింటికీ గుడి ఉంది. దీర్ఘాలైతే తలకట్టు స్థానంలో దీర్ఘం వచ్చి కుడివైపుకు సాగుతుంది, లేదా గుడి పక్కన కొమ్మ లేస్తుంది. తారస్థాయి చుక్క కూర్చోవలసింది సరిగ్గా ఈ చోటనే. చుక్కను తలకట్టుకు ఆనించి పెడితే రెండూ కలిసి ముద్ద అవుతాయి. ఎత్తి పెడితే పై పంక్తిలోని సాహిత్యాక్షరాల వత్తుల దగ్గరికి చేరి, అది ఎవరిదో తెలియదు. దానిపైన కాలగీత కూడా పడితే తలకట్టు, చుక్క, గీత అని మూడు అంతస్తులవుతాయి. శీర్షికల కోసం చేసిన లావుపాటి ఖతుల్లో తలకట్టుకూ అక్షరదేహానికీ మధ్య ఖాళీ సన్నగిల్లుతుంది. చిన్న పరిమాణంలో ముద్రిస్తే గ, ద వంటివి తమలో తామే పూడుకుపోతాయి. అటువంటి ఖతి స్వరలిపికి పనికిరాదు.

పొరుగు లిపులతో పోల్చినప్పుడు మన ఇబ్బంది ప్రత్యేకత తెలుస్తుంది. హిందుస్తానీ సంగీతానికి భాత్‌ఖండే స్థిరపరచిన పద్ధతిలో కూడా తారానికి పైచుక్క, మంద్రానికి కిందచుక్కే. దేవనాగరిలో పైచుక్క అనుస్వారంగా, కిందచుక్క నుక్తాగా లిపిలోనే ఉన్నాయి. అందుచేత టైపుచేసేవారు ఆ గుర్తులనే స్థాయిచిహ్నాలుగా వాడుకొని పని జరుపుకుంటారు. తమిళంలో అక్షరం పైన చుక్క పెట్టడానికి వసతి ఉంది కాని, ఆ చుక్కకు పుళ్ళి అని పేరు. అది అచ్చును తీసివేసి హల్లును మిగుల్చుతుంది. తారషడ్జం అక్కడ పొల్లు సకారంలా కనబడే ప్రమాదముంది. సందర్భం తెలిసినవాడు పొరబడడు కనుక అది నడిచిపోతోంది. తెలుగు అనుస్వారం పూర్తి సున్న. అక్షరం పక్కన కూర్చుంటుంది. పైచుక్కగా అరువు తెచ్చుకోవడానికి మన లిపిలో ఏదీ లేదు. కిందచుక్కకు మాత్రం 2021లో వెలువడిన యూనికోడ్ 14లో తెలుగు నుక్తా చేరింది. దానిని మంద్రచిహ్నంగా వాడడం నాకు సమ్మతం కాదు. అది అన్యభాషాధ్వనులను రాయడానికి ఉద్దేశించిన గుర్తు. నుక్తా చేరిన దకారం వెతుకులాటలో వేరే అక్షరంగా లెక్కకు వస్తుంది. పైగా ఒక చుక్క లిపిలో, మరొక చుక్క బొమ్మలో ఉండే స్వరలిపి మరింత అయోమయం.

దకారం మాట వచ్చింది కనుక మరొక చిక్కు. ధైవతాన్ని కొందరు ద అనీ, కొందరు ధ అనీ రాస్తారు. తెలుగులో ఈ రెండింటికీ తేడా అడుగున ఉండే చిన్న చీలిక మాత్రమే. ద కింద మంద్రచుక్క పెట్టి, చిన్న పరిమాణంలో, సిరా కొద్దిగా పాకే కాగితంపైన ముద్రిస్తే అది ధ అవుతుంది. ఒక సంచికలో రెండు రూపాలూ వాడిన పత్రికలో పాఠకుడు దానిని మధ్యస్థాయి ధైవతంగానే చదువుతాడు. కనుక ఖతిని ఎంచుకోవడానికి ముందే సంపాదకుడు వర్ణాన్ని ఎంచుకోవాలి. ద ఒక్కదానినే స్థిరంగా పాటించడం మేలని నేను భావిస్తాను. వ్యాకరణరీత్యా ధైవతానికి ధ న్యాయమన్న అభ్యంతరం తెలిసినదే. ఇక్కడ అక్షరం సంకేతం. సంకేతానికి స్పష్టత ముఖ్యం.

దీనికంటే సూక్ష్మమైనది వెడల్పు సమస్య. స్వరలిపిని చదివే కన్ను తెలిసో తెలియకో అక్షరం ఆక్రమించిన చోటును కాలంగా గ్రహిస్తుంది. తెలుగు మకారం సహజంగా వెడల్పైన అక్షరం, రేఫం ఇరుకైనది. రికి దీర్ఘం తలమీద వస్తుంది కనుక రీ వెడల్పు పెద్దగా పెరగదు. ఫలితంగా చాలా ఖతుల్లో రెండు అక్షరకాలాల రీ కంటే ఒక్క అక్షరకాలపు మ ఎక్కువ చోటు తీసుకుంటుంది. వచనంలో ఇది ఎవరికీ పట్టదు. స్వరపంక్తిలో మాత్రం చోటు చెప్పేది ఒకటి, కాలం మరొకటి. మకారాలు ఎక్కువున్న ఆవర్తనం పొడవుగా, రిషభాలు ఎక్కువున్న ఆవర్తనం పొట్టిగా కనబడి, కింది సాహిత్యపంక్తి రెండింటితోనూ పొసగక జరిగిపోతుంది. ఈ వ్యాసానికి సన్నాహంగా ఒకే సరళీవరుసను ఎనిమిది ఖతుల్లో కూర్చి చూశాను. అక్షరాల మధ్య మామూలు ఖాళీని మాత్రమే వదిలినప్పుడు ఒక్క ఖతిలోనూ నాలుగు అక్షరకాలాల లఘువు ఒకే నిడివితో రాలేదు. తప్పు ఖతులది కాదు. వాటిని వచనం కోసం చేశారు.

కామా కూడా అంతే. వచనంలో అది కనబడీ కనబడకుండా ఉండాలి. స్వరపంక్తిలో సాటి అక్షరమంత గౌరవం దానికి దక్కాలి. తెలుగు ఖతుల్లోని కామా సాధారణంగా లాటిన్ భాగం నుంచి వచ్చిన చిన్న గుర్తు. ముందున్న అక్షరానికి అతుక్కొని ఉంటుంది. దానిని విరామచిహ్నంగా చదివి వదిలివేయడం తేలిక. వదిలితే తాళంలో ఒక అక్షరం పోయినట్టే.

ఎట్టయపురం పుట

ఈ ఇబ్బందులు కొత్తవి కావు. 1904లో సుబ్బరామ దీక్షితుల సంగీత సంప్రదాయ ప్రదర్శిని ఎట్టయపురం విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలో అచ్చయింది. ఆయన ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులకు దౌహిత్రుడు, దత్తపుత్రుడు. వెయ్యి పుటలు దాటిన ఆ గ్రంథం తమిళదేశపు నడిబొడ్డున ఒక చిన్న సంస్థానంలో తెలుగు లిపిలో వెలువడింది. తమిళలిపిలో దానిని చూడడానికి మద్రాసు సంగీత అకాడమీ 1961లో ప్రచురణ ఆరంభించేదాకా ఆగవలసి వచ్చింది. సాహిత్యచరిత్రకారులు ఈ గ్రంథాన్ని వాగ్గేయకారుల చరిత్రలకు ఆకరంగా వాడుకుంటారు. సంగీతజ్ఞులు దీక్షితుల కృతులకు ప్రమాణంగా తీసుకుంటారు. అచ్చుపనిగా దాన్ని పరిశీలించినవారు తక్కువ.

స్థాయిచుక్కలూ కాలగీతలూ చాలక దీక్షితులు గమకాలకు కూడా గుర్తులు ఏర్పరచారు. కంపితానికి అలలాంటి గీత, స్ఫురితానికి మూడు చుక్కలు, జారుకు వాలుగీత, ఇంకా నొక్కు, వళి, ఖండింపు మొదలైన వాటికి విడివిడి చిహ్నాలు. ఇవన్నీ స్వరాక్షరం తలమీదనే ఉండాలి. అంటే తలకట్టు, గుడి, స్థాయిచుక్క ఉన్నచోటనే. కర్ణాటక సంగీతాన్ని పాశ్చాత్య స్వరలిపిలోకి తెచ్చేందుకు 1890లలో కృషిచేసిన చిన్నస్వామి మొదలియారు ప్రోద్బలం ఈ పనివెనుక ఉంది. పాశ్చాత్య లిపిలో స్వరం ఎత్తు అయిదు గీతలమీద దాని స్థానంతో తెలుస్తుంది. అక్షరం అవసరం లేదు. దీక్షితులు అక్షరాన్ని వదలలేదు. సీసపు అక్షరాలతో పుట కూర్చే కాలంలో, ప్రతి స్వరం మీద రెండు మూడు అంతస్తుల చిహ్నాలను వరుస తప్పకుండా నిలబెట్టడం ఎంతటి శ్రమో ఊహించవచ్చు. ఆ పుటల్లో స్వరాక్షరాల మధ్య ఖాళీ ఉదారంగా ఉంటుంది. దానిని కొందరు కాగితం దుబారాగా భావించవచ్చు. ఆ ఖాళీయే చిహ్నాలను చదవనిచ్చింది.

తెలుగు ముద్రణకు ఇటువంటి శ్రమ మరొక రంగంలోనూ అలవాటే. తెలుగు లిపిలో వేదపాఠాలను అచ్చువేసిన ముద్రాపకులు అనుదాత్తానికి కింద అడ్డగీతను, స్వరితానికి పైన నిలువుగీతను తలకట్టుతో తగవు లేకుండా ఇమిడ్చారు. ఆ రెండు గుర్తులూ ఈనాడు యూనికోడ్‌లో ఉన్నాయి. దేవనాగరి విభాగంలో చేరినా తెలుగుతో కలిపి వాడుకోవడానికి ఉద్దేశించినవే. పాశ్చాత్య సంగీతచిహ్నాలకు 2001లో యూనికోడ్ 3.1 ఒక ప్రత్యేక విభాగాన్నే కేటాయించింది. వేదస్వరానికి దొరికిన చోటు గానస్వరానికి దొరకలేదు. అడిగినవారు లేకపోవడమే ఇందుకు కారణమని నాకనిపిస్తుంది.

చుక్క లేని పాఠం

ఒక స్వరవాక్యాన్ని తీసుకుందాం: స ని ద ని స. మొదటి షడ్జం మధ్యస్థాయిది. తరువాతి మూడు స్వరాలకు కింద చుక్కలుంటే గొంతు ఒక మెట్టు దిగి, ఇంకొకటి దిగి, తిరిగి వస్తుంది. చుక్కలు రాలిపోతే అదే వాక్యం షడ్జం నుంచి ఒక్కసారిగా ఆరు మెట్లు ఎక్కి నిషాదాన్ని అందుకోవాలి. అక్షరాలు అవే, తాళం అదే, రాగంలోని స్వరాలూ అవే. చూడగానే దోషమని చెప్పడానికి ఏ ఆనవాలూ ఉండదు. కవిత్వంలో ఒక అక్షరం రాలితే ఛందస్సు పట్టిస్తుంది, యతిప్రాసలు సాక్ష్యమిస్తాయి. చుక్క రాలిన స్వరానికి అటువంటి కాపలా లేదు.

గురుముఖంగా నేర్చిన కృతికి దీనివల్ల పెద్ద హాని లేదన్న వాదం ఒకటుంది. పాట తెలిసినవాడు అచ్చును జ్ఞాపికగా మాత్రమే చూస్తాడు. లోపాన్ని గొంతే సరిదిద్దుతుంది. నిజమే. పత్రికలు ప్రచురించేవి చాలావరకు అటువంటి కృతులు కావు. ప్రసిద్ధమైన పంచరత్నాలకు పత్రిక అవసరం లేదు. కాకినాడ నుంచి వెలువడిన గానకళ వంటి పత్రికల ఉపయోగం, అరుదైన రచననో కొత్త రచననో స్వరసహితంగా పాఠకునికి చేర్చడంలో ఉంది. అక్కడ అచ్చుపుటే ప్రథమసాక్షి. చాలాసార్లు ఏకైకసాక్షి కూడా.

అన్నమయ్య పాటల ఉదాహరణ ఈ విషయాన్ని స్పష్టం చేస్తుంది. తిరుమల రాగిరేకులు సాహిత్యాన్నీ రాగం పేరునూ ఇచ్చాయి. ఈనాడు వినబడుతున్న వరుసలు ఆధునికులు కట్టినవి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ కొన్ని పాటలకు స్వరరచన చేసి ప్రచురింపజేశారు. ఆ పాటల సాహిత్యానికి మూలం రాగిరేకు. వాటి సంగీతానికి మూలం అచ్చుపుట. సాహిత్యంలో ఒక అరసున్న గురించి పాదసూచిక రాసే పరిష్కర్త, కింద స్వరపంక్తిలో చుక్క ఉందో లేదో చూడకపోతే ఒకే పుటలోని రెండు పాఠాలకు రెండు న్యాయాలు పాటించినట్లవుతుంది. వేటూరి ప్రభాకరశాస్త్రి మొదలుకొని మనకు సంక్రమించిన పరిష్కరణ క్రమశిక్షణ సాహిత్యపంక్తి దగ్గరే ఎందుకు ఆగిపోవాలో నాకు అర్థం కాదు.

లోపం ఎలా జరుగుతుందో కూడా గమనించాలి. యూనికోడ్‌కు ముందరి డి.టి.పి. ఖతుల్లో ప్రతి అక్షరభాగానికీ ఒక్కొక్క ఖతి తనదైన సంకేతాన్ని వాడుకున్నది. స్థాయిచుక్కలను విడిగా తెచ్చి, చేతితో జరిపి, అక్షరం పైనో కిందో నిలపవలసి వచ్చేది. అచ్చులో అవి కనబడతాయి. ఆ పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చినప్పుడు మార్పిడి సాధనం అక్షరాలను గుర్తిస్తుంది, విడిగా అతికిన చుక్కలను వదిలివేస్తుంది. రెండేళ్ళ క్రితం ఒక సంగీత పత్రికకు నేను పంపిన వ్యాసంలోని స్వరలిపి ఇలాగే చుక్కలన్నీ పోయి అచ్చయింది. ప్రూఫు దిద్దినవారు సాహిత్యంలోని అక్షరదోషాలను ఎంతో శ్రద్ధగా సవరించారు. స్వరపంక్తిని చదవవలసిన పాఠంగా ఎవరూ భావించలేదు. ఈ ప్రమాదాన్ని తప్పించడానికి ఇప్పుడు కొందరు స్వరలిపిని బొమ్మగా పుటలో అతికిస్తున్నారు. కనబడడానికి అది సురక్షితం. కాని అది వెతకడానికి అందదు, ఉదాహరించడానికి వీలుకాదు, పరిమాణం మార్చితే మసకబారుతుంది. ఒక సంచారం ఏయే కృతుల్లో వచ్చిందో వెతకదలచిన పరిశోధకునికి ఆ బొమ్మ మూసిన తలుపు.

ఇరవై ఎనిమిది కొత్త రూపాలు

పరిష్కారం అసాధ్యమేమీ కాదు. ఏడు స్వరాలు, హ్రస్వదీర్ఘాలు, మూడు స్థాయిలు: మొత్తం 42 రూపాలు. మధ్యస్థాయికి చెందిన 14 రూపాలు ప్రతి తెలుగు ఖతిలోనూ ఉన్నాయి. చుక్కతో సహా గీయవలసినవి 28. వీటిని అక్షరం, చుక్క అని విడివిడిగా అతికించకుండా, ఒక్కొక్కటిని అఖండరూపంగా గీస్తే తలకట్టు ఎత్తును తగ్గించి చుక్కకు చోటివ్వడం గీసేవాని చేతిలో ఉంటుంది. లోపల నిల్వ ఉండే సంకేతం మాత్రం మామూలు తెలుగు అక్షరం, దాని తరువాత యూనికోడ్‌లో అన్ని లిపులకూ ఉమ్మడిగా ఉన్న పైచుక్క లేదా కిందచుక్క. ఆ రెండూ పక్కపక్కన వచ్చినప్పుడు ఖతి అఖండరూపాన్ని చూపుతుంది. తెలుగు సంయుక్తాక్షరాలన్నీ తెరమీద ఏర్పడేది ఈ పద్ధతిలోనే. ఈనాటి చాలా తెలుగు ఖతుల్లో ఆ ఉమ్మడి చుక్కలకు అక్షరంమీద నిర్ణీతస్థానం లేదు; అవి పక్కకు జారిపోవడానికి కారణం అదే. గమకచిహ్నాలు వేరే దశ. స్ఫురితపు మూడు చుక్కలకూ తారస్థాయి ఒక్క చుక్కకూ పరిమాణభేదం ఎంత ఉండాలన్నది గీసి, అచ్చువేసి, గాయకులచేత చదివించి తేల్చవలసిన ప్రశ్న.

అంతవరకు పత్రికలు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. స్వరపంక్తిని వచనంలా టైపుచేయకుండా పట్టికగా వేసి, ఒక్కొక్క అక్షరకాలానికి సమానమైన గడిని కేటాయించడం అన్నింటికంటే ముఖ్యం. దీర్ఘస్వరానికి రెండు గడులు. కామాకు తన సొంత గడి. ఈ ఒక్క మార్పుతో మకారపు వెడల్పు సమస్య తీరిపోతుంది, సాహిత్యం తన స్వరం కిందనే నిలుస్తుంది. అక్షరానికి సమరేఖ ఖతి మంచిది; లావులో పలు స్థాయిలున్న నోటో శాన్స్ తెలుగు వంటిదైతే స్వరాన్ని ఒక మెట్టు లావుగా, సాహిత్యాన్ని సన్నగా వేయవచ్చు. రెండు పంక్తులకూ రెండు వేర్వేరు ఖతులు వాడడం కొందరికి రుచించకపోవచ్చు. నేను మాత్రం స్వరానికి సమరేఖ అక్షరాన్ని, సాహిత్యానికి టిరో తెలుగునో పోతననో సూచిస్తాను. గాయకుని కన్ను ఆ రెండు పంక్తుల మధ్య క్షణక్షణం తిరుగుతుంది. ఏది ఏదో వెతుక్కోవలసిన పని ఉండకూడదు. రి, గ, ద, నిల భేదాలకు కింద వేసే చిన్న అంకెలను ప్రతి స్వరానికీ వేయకుండా, రాగలక్షణం చెప్పిన చోట ఒక్కసారి వేస్తే చాలు. అక్షరం కింద అంకె, చుక్క రెండూ చేరితే ఏ ఖతీ భరించలేదు.

సాహిత్యపంక్తికి తనవైన నియమాలున్నాయి. ఒక అచ్చు అనేక స్వరాలమీద సాగినప్పుడు కొందరు ఆ అచ్చును మళ్ళీ మళ్ళీ రాస్తారు, కొందరు చుక్కలు పెడతారు. స్థాయికి చుక్క వాడే పద్ధతిలో సాగదీతకూ చుక్క వాడడం అనవసరపు గందరగోళం; చిన్న అడ్డగీత మేలు. సంయుక్తాక్షరాన్ని విరవకూడదు. భక్తి అన్న పదం రెండు స్వరాలకు పంచవలసివస్తే భ ఒక గడిలో, క్తి మరొక గడిలో ఉండాలి. గానంలో కకారం ముందు అక్షరాన్ని మూసినా లిపిలో అది తరువాతి అక్షరానికి చెందుతుంది. పాత ముద్రణల నుంచి కృతులను పునర్ముద్రించేటప్పుడు అరసున్ననూ, బండిరనూ, నకారపొల్లునూ ఆధునికీకరించి మార్చివేయడం సులభం కాని సమర్థనీయం కాదు. నకారపొల్లుకు యూనికోడ్‌లో స్థానం దొరికింది 2021లోనే. అందుచేత అంతకుముందు తయారై, తరువాత సవరణకు నోచుకోని ఖతుల్లో అది ఖాళీ పెట్టెగా కనబడుతుంది. ఖతిని ఖరారు చేసేముందు ఆ ఒక్క అక్షరాన్ని టైపుచేసి చూస్తే, ఆ ఖతి పాతపాఠాన్ని మోయగలదో లేదో అక్కడికక్కడే తెలిసిపోతుంది.